బ్యాంకాక్ అనగానే ఆ నవ్వెందుకు?

పోయిన వారం మా టీం లంచ్‌లో జరిగిన సంగతి. ఈసారి టీం ట్రిప్ ఎక్కడికి అని మా డామేజర్ గారు అడిగారు. ఎవడో "బ్యాంకాక్" అన్నాడు. అంతే, బల్ల చుట్టూ ఉన్న మగాళ్ళందరూ ఒకేసారి నవ్వారు. ఆ నవ్వు మీకు తెలుసు. దానికి వివరణ అక్కర్లేదు. "ఏం మామా, మసాజా?" అని ఒకడు, "పెళ్ళైనోళ్ళకి ఎంట్రీ లేదు బాబూ" అని ఇంకొకడు. బల్లకి ఆ చివర కూర్చున్న ముగ్గురు అమ్మాయిలూ ఫోన్లలో తలలు దూర్చేశారు. సాయంత్రానికల్లా ఆ ముగ్గురి దగ్గర్నుంచీ "ఇంట్లో ఒప్పుకోరండీ, మేము రాలేం" అని మెయిళ్ళు వచ్చాయి. ట్రిప్పు మాత్రం ఖాయమైంది.

నేనూ నవ్వాను. అది ముందే ఒప్పుకుంటున్నా. ఆ బల్ల దగ్గర ఆ ఊళ్ళో మూడు నెలలు ఉండి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. నోరు విప్పాల్సినవాణ్ణి నేనే, విప్పలేదు. అందుకే ఈ టపా.

రెండేళ్ళ క్రితం చలికాలంలో ఒక క్లయింటు పని మీద నన్ను బ్యాంకాక్ పంపించారు. ఇంట్లో ఏమని చెప్పానో తెలుసా? సింగపూర్ అని. పని మీదే వెళ్తున్నా, కంపెనీ ఖర్చుతో వెళ్తున్నా, అయినా ఆ ఊరి పేరు అమ్మ ముందు ఎత్తడానికి నాకు నోరు రాలేదు. ఎదురింటి ఆంటీ అడిగితే అమ్మ ఏం చెప్తుంది? ఇరవై ఎనిమిదేళ్ళవాడికి ఆ మాత్రం బుద్ధి లేదా అని మీరు అడగొచ్చు. లేదు. మనందరం కలిసి ఆ పేరుని అంత పాడు చేసి పెట్టాం మరి.

సరే, అసలు విషయానికొస్తే, మనవాళ్ళు ఆ ఊళ్ళో చూసేదేమిటి? హైదరాబాదులో ఏ ఏజెంటు దగ్గరికైనా వెళ్ళండి. నాలుగు రాత్రులు, ఐదు రోజులు. అందులో రెండు రాత్రులు పట్టాయా. కోరల్ ఐలాండు, ఒక షో, నగల దుకాణం ఒకటి, సఫారీ వరల్డు, రోజూ రాత్రికి ఇండియన్ డిన్నరు. ఆఖరి రోజు ఫ్లైటుకి ముందు "హాఫ్ డే టెంపుల్ టూర్". వాట్ త్రైమిత్‌లో ఐదున్నర టన్నుల బంగారు బుద్ధుడి ముందు ఇరవై నిమిషాలు ఆపుతారు. ఆ విగ్రహం మీద సున్నం గచ్చు పూత ఉండేదనీ, 1955లో దాన్ని కదిలిస్తుంటే ఆ పూత పగిలి లోపల బంగారం బయటపడిందనీ చెప్పే ఓపిక గైడుకీ ఉండదు, వినే ఓపిక మనకీ ఉండదు. బస్సులో "సాయంత్రం ప్రోగ్రాం ఏంటి" అన్న చర్చే నడుస్తుంటుంది.

ఇప్పుడు ఆ ఊరి అసలు పేరు చెప్తాను, వినండి. థాయ్ వాళ్ళు దాన్ని బ్యాంకాక్ అనరు, క్రుంగ్ థేప్ అంటారు. అది కూడా ముద్దుపేరే. 1782లో మొదటి రామ రాజు రాజధానిని నది ఇవతలి గట్టుకి మార్చి కట్టిన నగరం అది. దాని పూర్తి పేరు గిన్నిస్ పుస్తకానికెక్కింది. వాళ్ళు పలికే తీరు వేరుగా ఉంటుంది గానీ, వాటి మూలాలు పట్టుకుంటే వరసగా వచ్చేవి ఇవీ: దేవ, మహానగర, అమర, రత్న, మహేంద్ర, అయోధ్య, నవరత్న, రాజధాని, ఉత్తమ, రాజనివేశన, మహాస్థాన, విమాన, అవతార... చివర్లో విశ్వకర్మ కూడా వస్తాడు. నిఘంటువు లేకుండా మనకి సగానికి పైగా అర్థమయ్యే పేరు! మనం దిగే విమానాశ్రయం పేరు సువర్ణభూమి. వాళ్ళ లిపి మన దక్షిణాది పల్లవ లిపి నుంచి ఖ్మేర్ లిపి మీదుగా వచ్చింది. అందుకే వాళ్ళ అక్షరమాల కూడా మనలాగే క వర్గం, చ వర్గం అనే వరసలో నడుస్తుంది. ఇంత దగ్గరి ఊరికి వెళ్ళి మనం నేర్చుకొచ్చే థాయ్ మాట "సవాదీ క్రాప్" ఒక్కటి. అది కూడా వెక్కిరింపుకి.

రాజభవనం ఆవరణలో మరకత బుద్ధుడి గుడి ఉంది, వాట్ ఫ్రా కేవ్. దాని చుట్టూ ఉన్న మండపం గోడల మీద 178 భాగాలుగా మొత్తం రామాయణం గీసి ఉంటుంది. వాళ్ళ రామాయణం పేరు రామకియెన్. రావణుడు అక్కడ తొత్సకన్, అంటే దశకంఠుడు. సీత ఆ దశకంఠుడి కూతురే. ఇక హనుమంతుడి సంగతి చెప్తే మా నాన్న ఒప్పుకోరు. తెల్లగా ఉంటాడు, బ్రహ్మచారి కాదు. వారధి కడుతుంటే అడ్డుపడిన రావణుడి కూతురు, చేపకన్య సువన్నమచ్ఛాని ప్రేమలో పడేస్తాడు. స్వర్ణమత్స్య అన్నమాట. నేను ఒక శనివారం పొద్దున ఎనిమిదిన్నరకి వెళ్ళి మధ్యాహ్నం దాకా ఆ గోడల దగ్గరే ఉండిపోయాను. ఆ నాలుగు గంటల్లో మనవాళ్ళ గుంపులు ఎన్నో వచ్చాయి. సెల్ఫీ దిగడం, ఎండ అనుకోవడం, వెళ్ళిపోవడం. నిక్కర్లతో వచ్చి గేటు దగ్గర ఆగిపోయినవాళ్ళు కొందరైతే, ఆపారని అక్కడే గొడవ పెట్టుకున్నవాళ్ళు ఇంకొందరు.

ఇహపోతే మసాజు. రాజభవనం నుంచి పది నిమిషాలు నడిస్తే వాట్ ఫో వస్తుంది. 46 మీటర్ల శయన బుద్ధుడు ఉండేది అక్కడే. 19వ శతాబ్దంలో మూడో రామ రాజు ఆ గుడిని బాగు చేయిస్తూ వైద్యం, సాహిత్యం, చరిత్ర, అన్నీ రాతి పలకల మీద చెక్కించి గోడలకి పెట్టించాడు. చదువుకోవాలనుకున్న ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు. ఒక రకంగా ఆ కాలపు ఓపెన్ సోర్సు :) అందులో ఒంట్లో నాడులు ఎటు పోతాయో, ఎక్కడ నొక్కితే ఏ నొప్పి తగ్గుతుందో చూపించే బొమ్మలున్నాయి. ఆ శాసనాలని 2011లో యునెస్కో ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో చేర్చింది. ఆ గుడిలో 1955 నుంచి మర్దన విద్య నేర్పే బడి నడుస్తోంది. వాళ్ళు ఆ విద్యకి ఆదిగురువుగా దండం పెట్టుకునేది ఎవరికో తెలుసా? బుద్ధుడికి వైద్యం చేసిన జీవకుడికి. 2019లో యునెస్కో థాయ్ మర్దనని కూడా మానవాళి వారసత్వంగా గుర్తించింది. మనం కన్నుగీటే "మసాజ్" ఇదండీ.

నాకు బాగా తగిలిన చోటు మాత్రం ఇంకొకటుంది. ఊరి మధ్యలో ఎర్రటి పెద్ద ఉయ్యాల స్తంభాలుంటాయి, పక్కనే దేవస్థాన్ అనే చిన్న గుడి. రెండూ 1784 నాటివి. రాజుగారి కొలువులో బ్రాహ్మణులు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళ గుడి అది. మన ధనుర్మాసం రోజుల్లోనే వాళ్ళకొక ఉత్సవం వస్తుంది. పేరు త్రియంపవాయ్, త్రిపవాయ్. తిరువెంబావై, తిరుప్పావై అన్నమాట! ఆ పేరు చదివి నేను అక్కడే నిలబడిపోయాను. మా అమ్మ ధనుర్మాసం నెలంతా తెల్లవారుజామునే లేచి తిరుప్పావై చదువుతుంది. ఫోన్ తీశాను, చెప్దామని. అప్పుడు గుర్తొచ్చింది, నేను సింగపూర్‌లో ఉన్నాను కదా. ఫోన్ మళ్ళీ జేబులో పెట్టేశాను.

"ఏంటి మాస్టారూ, నీతులా? ఆ బార్లు అక్కడ లేవా? మనం కట్టామా?" అంటారు. ఉన్నాయి. 1960లలో వియత్నాం యుద్ధంలోంచి సెలవు మీద వచ్చే అమెరికా సైనికుల కోసం ఆ వ్యాపారం ఎక్కడలేనంత పెరిగింది. యుద్ధం అయిపోయింది, సైనికులు వెళ్ళిపోయారు, వాళ్ళ కుర్చీల్లో ఇప్పుడు మనం కూర్చుంటున్నాం. 1996 చట్టం ప్రకారం అక్కడ వ్యభిచారం నేరం. అమలు సంగతి వదిలేయండి. మన దగ్గర చట్టాలన్నీ అమలవుతున్నాయి గనక! నేను ఎవర్నీ బీరు మానేయమనట్లేదు. పెద్దవాళ్ళు, మీ ఇష్టం. నా గొడవ ఒక్కటే. కోటిమంది దాకా ఉండే ఊరిని ఒక సందుగా చూసి, ఆ సందులో నిలబడి ఊళ్ళో ఆడవాళ్ళందర్నీ ఒకే కంటితో చూడటం. మా క్లయింటు దగ్గర టెస్టింగ్ చూసే అమ్మాయి ఒకతె ఉండేది. రాత్రి ఎనిమిదింటికి లాప్‌టాప్ బ్యాగుతో శీలోం రోడ్డు మీద రైలు స్టేషనుకి నడిచి వెళ్ళేది. ఒకరోజు చాలా మర్యాదగా నవ్వుతూ అడిగింది: "మీ టీంలో కొత్తగా ఎవరు వచ్చినా మొదటిరోజే నన్ను అదే దారి అడుగుతారెందుకు?" నా దగ్గర సమాధానం లేదు. రేపు ఎవడో మాదాపూర్‌లో మీ చెల్లెల్ని అలా అడిగితే మీ దగ్గర ఉంటుందా? అన్నట్టు ఆ శీలోం రోడ్డు మీదే, మనవాళ్ళు వెతికే పాట్‌పాంగ్‌కి కాస్త దూరంలో, వలస వచ్చిన తమిళులు 19వ శతాబ్దంలో కట్టిన మారియమ్మన్ గుడి ఉంది. ఆ దారి మాత్రం ఆమెని ఎవరూ అడగలేదు.

దీనికి పూర్తిగా అవతలి వైపు జనాలు కూడా ఉన్నారు. "థాయ్‌లాండ్‌ని రాముడి వంశం ఏలుతోంది, అంతా మనదే" అని వాట్సాప్‌లో పంపేవాళ్ళు. బాబూ, వాళ్ళలో అత్యధికులు బౌద్ధులు. రాజులకి ఒకటో రాముడు, రెండో రాముడు అని నంబర్లు పెట్టే పద్ధతి ఆరో రాజు వజిరావుధ్ తెచ్చింది. మన కథ తీసుకెళ్ళి వాళ్ళు వాళ్ళ కథ చేసుకున్నారు, మనం ఊహించనంత అందంగా. చూసి రండి, పట్టా రాయించుకు రావద్దు.

2023 నవంబరులో వాళ్ళు మనవాళ్ళని వీసా లేకుండా రానివ్వడం మొదలుపెట్టారు. తలుపు తెరిచి రమ్మన్నవాళ్ళ ఇంటికి ఎలా వెళ్ళాలో మన పెద్దవాళ్ళు మనకి నేర్పారు.

నా అబద్ధం ఏమైందంటారా? ఏదో ఫారం నింపుతూ నాన్న నా పాస్‌పోర్టు తిరగేశారు. ముద్ర కనపడింది. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. నేను రామాయణం గోడల గురించి, ఉయ్యాల గురించి, తిరుప్పావై గురించి అంతా చెప్పాను. నాన్న మొత్తం విని, "బ్యాంకాక్ వెళ్ళి గుడులు చూశావా?" అని నవ్వారు. అదే నవ్వు. మా టీం లంచ్‌లో నేను నవ్వానే, సరిగ్గా అదే.

కాబట్టి సోమవారం పొద్దున్నే ఆ ట్రిప్పు మెయిల్‌కి రిప్లై ఆల్ కొడుతున్నా. పట్టాయా తీసేసి ఒక రోజు ప్లాను: సాథోన్ రేవు నుంచి పడవలో థా చాంగ్, రాజభవనం, అక్కడ్నుంచి నడిచి వాట్ ఫో, బల్లకట్టు మీద నది దాటి అరుణుడి పేరు పెట్టుకున్న వాట్ అరుణ్, సాయంత్రం ఉయ్యాల దగ్గర. మోకాళ్ళు, భుజాలు కప్పే బట్టలు వేసుకు రావాలి. ఆ ముగ్గురినీ మళ్ళీ అడుగుతున్నా, వాళ్ళ ఇంట్లో నన్ను మాట్లాడమంటే మాట్లాడతాను కూడా. ఎవరైనా ఆ నవ్వు నవ్వితే ఈసారి "ఎందుకు నవ్వావు మామా, చెప్పు" అని అందరి ముందే అడుగుతాను.

అమ్మకి కూడా టికెట్టు తీద్దామనుకుంటున్నా, వచ్చే ధనుర్మాసానికి. ఇంకా ఒప్పుకోలేదు. ఎదురింటి ఆంటీకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తోంది.