తలకు దెబ్బ, తలకొక తీర్పు

2025 జనవరి 1న అట్లాంటాలో జరిగిన పీచ్ బౌల్ మ్యాచ్ మాట ఎత్తితే అరిజోనా స్టేట్ యూనివర్సిటీ అభిమానులకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో అది క్వార్టర్ ఫైనల్. ప్రత్యర్థి టెక్సస్ యూనివర్సిటీ. స్కోరు 24-24, ఆట ముగియడానికి ఇంకా నిమిషం పైచిలుకు ఉంది. అరిజోనా స్టేట్ ఆటగాడు మెల్క్వాన్ స్టోవల్ బంతి అందుకోగానే టెక్సస్ డిఫెండర్ మైకేల్ టాఫ్ వచ్చి గుద్దాడు. హెల్మెట్‌కు హెల్మెట్ తగిలింది. వీడియో చూసిన రిఫరీలు తప్పేమీ లేదని తేల్చారు. తప్పని తేలివుంటే 15 గజాలు, దాంతోపాటు కొత్తగా దాడి మొదలుపెట్టే అవకాశం దక్కేవి. చివరికి రెండు ఓవర్‌టైములు ఆడి టెక్సస్ 39-31తో గెలిచింది.

వాళ్ల మంటకు ఇంకో కారణమూ ఉంది. అరిజోనా స్టేట్ డిఫెండర్ షమారి సిమన్స్‌ను అంతకు ముందు నెలలోనే, బిగ్ 12 లీగ్ ఫైనల్లో, తలకు తగిలే దెబ్బల మీది ఇదే నిబంధన కింద బయటికి పంపారు. అది రెండో సగంలో జరిగింది కాబట్టి అతను పీచ్ బౌల్ మొదటి సగమంతా ఆటకు దూరమయ్యాడు. మావాడు తగిలిస్తే నేరం, మీవాడు తగిలిస్తే ఆటా అని వాళ్లు అడిగారు. అడగరా మరి!

రాంనగర్, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీధుల్లో ఈ ఆట చూసేవాళ్లు తక్కువే. అయితే పిల్లలను టెంపేకో, ఆస్టిన్‌కో, డాలస్‌కో చదువుకు పంపిన ఇళ్లకు ఇక్కడ కొదవలేదు. హైదరాబాద్‌లో ఉన్నంతకాలం ఆ కోలబంతిని చేత్తో ముట్టని కుర్రాడు కూడా అక్కడ ఒక సెమిస్టరు గడిచేసరికి యూనివర్సిటీ చొక్కా తొడుక్కుని రిఫరీని తిడుతుంటాడు. ఫీజు కట్టిన చోటికే అభిమానమూ వెళుతుంది కాబోలు.

నిబంధన పేరు టార్గెటింగ్. అందులో రెండు భాగాలున్నాయి. హెల్మెట్ నడినెత్తితో ఎవరిని బలంగా గుద్దినా తప్పే. ఇక తనను తాను కాచుకోలేని స్థితిలో ఉన్న ఆటగాడి విషయంలో, అంటే బంతి కోసం చేతులు చాచి ఇంకా కుదురుకోనివాడి విషయంలో, తలకో మెడకో గురిపెట్టి బలంగా తగిలిస్తే, భుజంతో గుద్దినా తప్పే. 2008లో ఈ నిబంధన వచ్చినప్పుడు శిక్ష 15 గజాలే. 2013లో ఆటగాణ్ని మ్యాచ్ నుంచి పంపేయడం కూడా చేర్చారు. మొదటి ఏడాది ఒక వింత జరిగింది. వీడియో చూశాక తప్పు లేదని తేలితే ఆటగాడు తిరిగి వచ్చేవాడు కానీ 15 గజాలు మాత్రం తిరిగి వచ్చేవి కావు. 2014లో దాన్ని సరిదిద్దారు. 2019లో ఒకే సీజన్‌లో మూడోసారి తప్పుచేస్తే తర్వాతి మ్యాచ్ మొత్తానికి నిషేధం పెట్టారు. నిబంధనలోని ప్రతి అంశమూ వీడియోలో రుజువైతేనే శిక్ష నిలుస్తుందని చెప్పిందీ ఆ ఏడాదే.

ఇంత కటువుగా ఎందుకన్న ప్రశ్నకు ఈ ఆట చరిత్రే జవాబు. 1905 సీజన్‌లో మైదానాల్లో కుర్రాళ్లు చనిపోతుంటే అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కాలేజీల పెద్దలను వైట్‌హౌస్‌కు పిలిపించాడు. ఆ ఒత్తిడిలోంచి 1906లో పుట్టిన సంఘమే కాలేజీ క్రీడలను నడిపే నేటి ఎన్‌సీఏఏ. తర్వాత గట్టి హెల్మెట్లు వచ్చాయి, తల ఆయుధమైంది. 1976లో తలతో పొడవడాన్ని నిషేధించారు. ఆ ఏడాది స్కూళ్లు, కాలేజీల్లో కలిపి మెడ ఎముక దెబ్బతిని కాళ్లూ చేతులూ చచ్చుబడినవాళ్లు 34 మంది. 1984 నాటికి ఆ సంఖ్య 5కు దిగింది. నిబంధనలతో ఆట పాడవుతుందనే అభిమానులు ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇంకొకటి కూడా చూడాలి. దెబ్బ తినేవాడికే కాదు, కొట్టేవాడికీ ప్రమాదమే. 2010 అక్టోబరులో రట్గర్స్ ఆటగాడు ఎరిక్ లెగ్రాండ్ ఆర్మీ జట్టు ఆటగాణ్ని ఆపబోయి తల వంచి గుద్దాడు. మెడ నుంచి కిందికి పడిపోయింది అతని శరీరమే.

అయితే అభిమానుల ఫిర్యాదులన్నీ ఉడుకుమోతుతనం కాదు. డిఫెండర్ ఛాతీకి గురిపెట్టి దూకాక, బంతి పట్టినవాడు ఆఖరి క్షణంలో తల దించుతాడు. గాలిలో ఉన్నవాడు దారి మార్చుకోలేడు. నిబంధన ఉద్దేశాన్ని అడగదు. కావాలని కొట్టినవాడికీ, లెక్క తప్పినవాడికీ ఒకటే శిక్ష. మామూలు సీజన్‌లో 12 మ్యాచ్‌లే ఉండే కాలేజీ కుర్రాడికి సగం మ్యాచ్ పోవడం చిన్న సంగతి కాదు.

హైదరాబాదీలకు ఫుట్‌బాల్ అంటే కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, 1950 నుంచి వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన సిటీ పోలీసు జట్టు. ఆ ఫుట్‌బాల్‌లో 1970 ప్రపంచ కప్ నుంచి పసుపు కార్డు ఉంది, ఎర్ర కార్డు ఉంది. నారాయణగూడ వైఎంసీఏలో బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలకూ ఒక మొరటు ఫౌల్‌కూ, మైదానం వదిలి వెళ్లాల్సిన ఫౌల్‌కూ తేడా తెలుసు. టార్గెటింగ్‌లో ఆ మధ్య మెట్టు లేదు. అమెరికాలో కోచ్‌లు కొందరు ఏళ్లుగా అడుగుతున్నదీ అదే.

మధ్య మెట్టు లేకపోతే నష్టం దెబ్బతిన్నవాడిదేనని నా అభిప్రాయం. శిక్ష ఉరితాడంత అయినప్పుడు, పెద్ద మ్యాచ్ చివరి నిమిషంలో దాన్ని వేయడానికి రిఫరీ చెయ్యి వెనకాడుతుంది. 2022 డిసెంబరు 31న అదే పీచ్ బౌల్‌లో జార్జియా డిఫెండర్ జావన్ బుల్లర్డ్ గుద్దితే ఒహాయో స్టేట్ స్టార్ మార్విన్ హారిసన్ జూనియర్ మెదడు అదిరి ఆ మ్యాచ్‌లో మళ్లీ ఆడలేకపోయాడు. మైదానంలో ఇచ్చిన పెనాల్టీని వీడియో చూసి కొట్టేశారు. జార్జియా 42-41తో గెలిచింది. నిబంధన అక్షరాల ప్రకారం ఆ తీర్పును సమర్థించేవాళ్లున్నారు. కానీ మెదడు అదిరినవాడు బయట కూర్చోగా, గుద్దినవాడి జట్టుకు ఒక్క గజమైనా నష్టం లేకపోవడం ఏం న్యాయం?

శిక్షను రెండంచెలు చేస్తే ఉద్దేశాన్ని ఊహించే పని మళ్లీ రిఫరీ నెత్తిన పడుతుందని వాదించేవాళ్లున్నారు. అది బలమైన వాదనే. అయినా మనసులో ఏముందో వెతకక్కర్లేదు. తల దించాడా, కాళ్లతో ఎగిరి దూకాడా, ఆగే వీలుండీ ఆగలేదా అన్నవి వీడియోలో కనిపిస్తాయి. తలకు తగిలిందంటే 15 గజాలు తప్పకూడదు. ఈ గుర్తులు కనిపిస్తేనే ఆటగాణ్ని బయటికి పంపాలి. మూడోసారికి మ్యాచ్ నిషేధాన్ని మాత్రం ముట్టుకోకూడదు.