పాట లేకపోతే జనం లేచిపోతారా?

మొన్న శుక్రవారం దోహాలో దసరా ప్రోగ్రాం గురించి మాట్లాడుకోవడానికి అందరం కూర్చున్నాం. ఎప్పటి లిస్టే. సినిమా పాటలు, డ్యాన్సులు, మిమిక్రీ, సన్మానాలు, శాలువాలు. మేము సైట్ సూపర్‌వైజర్లం నలుగురం కలిసి ఒక్క అరగంట అడిగాం. మా క్యాంపులో జగిత్యాల తాపీమేస్త్రి ఒకాయన డోలక్ వాయిస్తాడు. నేపాలీ స్టీల్ ఫిక్సర్ వేణువు ఊదుతాడు. కేరళ ఎలక్ట్రీషియన్ దగ్గర చిన్న కీబోర్డు ఉంది. గురువారం రాత్రి మెస్ వెనకాల ముగ్గురూ మొదలుపెట్టారంటే పడుకోబోయేవాళ్లు కూడా లేచొస్తారు. కానీ కమిటీ వాళ్లు ఒక్క మాటతో కొట్టేశారు. ‘‘పాట లేకుండా ఉత్త వాయిద్యమా? జనం లేచిపోతారన్నా!’’

లేచిపోరని మేమంటాం. ఆ ధైర్యం మాకు ఒక జర్మనీ బృందం కచేరీలు చూశాకే వచ్చింది.

దాని పేరు టింగ్‌వాల్ ట్రియో. 2003లో హాంబర్గ్‌లో మొదలైంది. జర్మనీ బృందం అంటారే గానీ ముగ్గురిలో జర్మన్ ఒక్కడే, డ్రమ్స్ వాయించే యుర్గెన్ ష్పీగెల్. పియానో వాయించే మార్టిన్ టింగ్‌వాల్‌ది స్వీడన్. బాస్ వాయించే ఒమర్ రోడ్రిగెజ్ కాల్వోది క్యూబా. మా రూము లెక్కే, తలా ఒక దేశం.

పాడేవాడు లేడు. పియానో ముందు ఒక చిన్న బాణీ ఎత్తుకుంటుంది, మనం కూనిరాగం తీసుకోగలిగినంత సులువైనది. జాజ్ అంటే గందరగోళం అనుకునేవాళ్లం, ఇది అలా లేదు. ఆ తర్వాత దాన్ని ముగ్గురూ అప్పటికప్పుడు పెంచుకుంటూ పోతారు, మన కచేరీలో కల్పనాస్వరం వేసినట్టు. మధ్యలో పియానో ఆగిపోతుంది. మనిషెత్తు బాస్ ఒక్కటే, నాలుగు తీగల మీద మెల్లగా మాట్లాడుతుంది. హాల్లో ఎవరూ కదలరు. అది అయ్యాకే చప్పట్లు. స్టూడియోలో తప్పుపోతే మళ్లీ వాయించుకోవచ్చు. స్టేజి మీద కుదరదు, కాంక్రీటు పోశాక షట్టరింగ్ సరిచేయలేం కదా! అందుకే 2013లో వచ్చిన వాళ్ల లైవ్ ఆల్బం ‘ఇన్ కాన్సర్ట్’ అంటే మాకు ఎక్కువ ఇష్టం.

‘‘అది తెల్లోళ్ల సంగీతం, మనకెందుకు’’ అన్నాడు మాలోనే ఒకాయన. సరే, ఒక సంగతి చెప్తాం. 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో మన పాలకొల్లు పిల్లాడు, పద్నాలుగేళ్ల మాండొలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతం వాయించాడు. అక్కడి జనానికి రాగం తెలీదు, తాళం తెలీదు. అయినా లేచిపోలేదు, ఇంకా వాయించమన్నారు. వాళ్లు మన సంగీతం విన్నప్పుడు, మనం మన పక్క మంచం మీది నేపాలీ వేణువు వినలేమా?

సినిమా పాటలు వద్దని మేము అనడం లేదు. వాటికి మేమూ గంతులేస్తాం. ఐదారు గంటల ప్రోగ్రాంలో అరగంటే అడుగుతున్నాం. అది కూడా సన్మానాల్లోంచి కోసి ఇవ్వండి, పాటల్లోంచి వద్దు. పారితోషికం అక్కర్లేదు, రెండు మైకులు చాలు. ఆ అరగంటలో ముఖ్య అతిథి వచ్చినా సరే, వాయిద్యం ఆపి ఆయనకు స్వాగతం చెప్పొద్దు. ఆయన్నీ వచ్చి మాతోపాటు కూర్చుని వినమనండి.