నువ్వేమంటావు? (పల్లె నుంచి క్యాంపస్ దాకా - 9)



పోయిన శనివారం రాత్రి పదకొండు దాటినాక ఇంగ్లండు నుంచి ఫోను. ఎత్తగానే ఏడుపు. "సార్, నేను దొంగతనం చేసినానంట సార్. కమిటీ ముందుకు రమ్మని మెయిల్ పెట్టినారు."

ఆ పిల్లోడిది పులివెందుల దగ్గర మాదిగపల్లె. వాళ్ళమ్మ అరటి తోటల్లో కూలికి పోతుంది. ఇంటర్ జమ్మలమడుగులో చదివినాడు, డిగ్రీ ప్రొద్దుటూరులో నా దగ్గర. ఐఈఎల్‌టీఎస్‌లో 6.5 వస్తే పల్లె మొత్తం పండగ చేసుకుంది. వడ్డీకి తెచ్చిన డబ్బుతో విమానం ఎక్కినాడు. వాడు చేసిన దొంగతనం ఏందంటే, మూడు వేల పదాల వ్యాసంలో పుస్తకాల నుంచి పేరాలకు పేరాలు దించినాడు. అవి ఎవరివో చెప్పలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ విద్య వాడికి నేర్పింది నేనే. తరగతిలో నోట్సు చెప్పినా. దాన్ని మక్కికి మక్కి దించినోళ్ళకు ఎక్కువ మార్కులు వేసినా. ఇక్కడ మార్కులు తెచ్చిన పనే అక్కడ నేరమైంది.

2019లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం కోసం జీవో 81 వచ్చినప్పుడు, తెలుగులో పీహెచ్‌డీ చేసి కూడా దాని వైపు నిలబడినోళ్ళలో నేనొకణ్ణి. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నా. కాని ఒకటి ఒప్పుకోవాలి. మనం మీడియం కోసం కొట్లాడినాం, ఆ మీడియంలో పిల్లలు ఏం రాస్తున్నారో చూడలేదు. మన దగ్గర ఇంగ్లీషు వచ్చంటే గలగలా మాట్లాడటం, గ్రామర్ తప్పు పోకపోవడం. ఐఈఎల్‌టీఎస్ రాత పరీక్ష గంటసేపు. ఒకటి 150 పదాలు, ఇంకోటి 250 పదాలు. ఏ పుస్తకమూ చదివి, ఎవరి పేరూ చెప్పి రాయక్కర్లేదు. యూనివర్సిటీలో అసలు పని అక్కడినుంచే మొదలు. పదిమంది రాసింది చదవాలి. ఎవరేమన్నారో చెప్పాలి. తానేమంటాడో రుజువుతో చెప్పాలి. ఈ రాత లండన్‌లో పుట్టినోడికీ తల్లిపాలతో రాదు, నేర్చుకోవాల్సిందే. కాకుంటే ఇంటినిండా పుస్తకాలున్నోడు నాలుగడుగులు ముందుంటాడు.

ఈ రాత ఎట్లుంటుందో చూడాలంటే బాబాసాహెబ్ దగ్గరికి పోదాం. 1916 మే 9న కొలంబియాలో గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో ఆయన భారతదేశంలో కులాల గురించి పత్రం చదివినాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఐదేళ్ళు. ఆ పత్రానికి దండం పెట్టి మూసేయకండి. ఎట్ల కట్టినాడో చూడండి. సెనార్ట్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, కేత్కర్ ఇచ్చిన నిర్వచనాలను పేరుపేరునా ముందు పెడతాడు. ఎవరిది ఎక్కడ చాలదో చెబుతాడు. కేత్కర్ దగ్గర విలువైనది ఉందని ఒప్పుకుంటాడు. ఆ తర్వాతే తన మాట: కులానికి ప్రాణం సొంత కులంలోనే పెళ్ళి. చివర్లో, తన సిద్ధాంతం నిలబడదని తేలితే వదులుకోవడానికీ సిద్ధమంటాడు. దీంట్లో యాసతో పనెక్కడుంది?

మా నాయనమ్మకు సంతకం కూడా రాదు. పల్లెలో పంచాయతీ జరిగితే మూడే అడిగేది. "ఎవురన్నారు? సాక్ష్యమేది? నువ్వేమంటావు?" అకడమిక్ ఇంగ్లీషుకు ఈ మూడు ప్రశ్నలే పునాది. మూడోదాన్ని మన పిల్లల్ని ఎవరూ అడగలేదు. పెద్దిండ్ల వాకిట్లో ఎదురు మాట్లాడొద్దన్నారు. క్లాసులో సార్ చెప్పిందే రాయమన్నాం. "ఈ వాదనతో నేను ఏకీభవించను" అనే వాక్యం మనోళ్ళ కలానికి రాకపోతే, ఆ తప్పు ఒక్క ఇంగ్లీషు మీదనే వేయలేం.

బయటి దేశాలకు పోయే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ రెండు మాటలు. చదివింది పుస్తకం మూసి సొంత మాటల్లో రాసుకోండి, ముందు తెలుగులోనైనా సరే. రచయిత పేరు, పేజీ నంబరు అప్పుడే పక్కన వేసుకోండి. రాసింది పట్టుకుని మీ యూనివర్సిటీ రైటింగ్ సెంటర్‌కు పోండి. సిగ్గుపడొద్దు. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర తెలుగు పనంతా ఒక్కడే చేయలేదు. ఇక్కడి బంగళాలో పండితులను పెట్టుకుని, సొంత డబ్బుతో జీతాలిచ్చి చేయించుకున్నాడు. ఆయన్ను ఎవరూ మొద్దు అనలేదు. మీరు కట్టే ఫీజులో ఆ సెంటర్ వాళ్ళ జీతం ఉంది.

నా తోటి లెక్చరర్లకు ఒక మాట. ఈ సెమిస్టర్‌లో నోట్సులో లేని ప్రశ్న ఒక్కటైనా ఇద్దాం. "వీళ్ళిద్దరూ ఇట్లన్నారు, నువ్వేమంటావు?" తెలుగులోనే రాయనీండి. మనతో ఒప్పుకోనోళ్ళ మార్కులు కోయకుండా ఉందాం.

ఆ పిల్లోడు వచ్చే శుక్రవారం కమిటీ ముందుకు పోతాడు. తప్పు ఒప్పుకుని, ఎట్ల జరిగిందో సొంతంగా రాయమన్నా. నిన్న రాత్రి పంపినాడు. పేజీన్నర. గ్రామర్ తప్పులు ఏడెనిమిది ఉన్నాయి. చివరి పేరాలో మాత్రం ఇట్లుంది: మా కాలేజీలో ఇట్ల రాస్తే మార్కులు వేసేవాళ్ళు, అది సరైన పద్ధతి కాదని నేనిప్పుడు అనుకుంటున్నాను.

ఎవరు వేసేవాళ్ళో రాయలేదు. నా పేరు రాయమని చెప్పినా.

జై భీమ్.