హల్క్ ఓడిపోయిన రోజు, సమ్సోనుకు దాహమేసిన రోజు



ఎండాకాలం సెలవుల్లో మన మందిరంలో పిల్లలకు వీబీఎస్ జరిగింది కదా. ఒక రోజు సమ్సోను కథ చెబుతున్నాను. సింహాన్ని చీల్చిన దగ్గరికి వచ్చేసరికి ఐదో తరగతి పిల్లోడు ఒకడు లేచి నిలబడ్డాడు. "అయ్యగారూ, సమ్సోనుకీ హల్క్‌కీ కొట్లాట పెడితే ఎవురు గెలుస్తారు?" అన్నాడు. పిల్లలంతా గొల్లుమన్నారు. వెనకనుంచి ఇంకొకడు, "హల్క్ యాడా ఓడిపోడురా" అన్నాడు.

నాకు జవాబు తెలియలేదు. ఆ రాత్రి మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ హల్క్ సంగతేమిటో చెప్పమన్నాను. వాడు ఫోనులో చూపిస్తూ చెప్పిందంతా విన్నాక ఈ మాటలు రాయాలనిపించింది.

హల్క్ అమెరికా బొమ్మల కథల్లో పుట్టాడు. 1962లో స్టాన్ లీ రాయగా జాక్ కిర్బీ బొమ్మలు వేశాడు. మొదటి సంచికలో అతని రంగు బూడిద రంగే, పచ్చరంగు తర్వాత వచ్చింది. బ్రూస్ బ్యానర్ అనే బక్కపలచని శాస్త్రవేత్త, బాంబు పరీక్ష జరిగే చోటికి తెలియక వచ్చిన ఒక కుర్రవాణ్ణి కాపాడబోయి తానే ఆ కిరణాల్లో చిక్కుకుంటాడు. అప్పటినుంచి లోపల ఒక రాక్షసుడు. కోపం ఎంత పెరిగితే బలం అంత పెరుగుతుంది. అందుకే పిల్లలు వాణ్ణి ఎవరూ ఓడించలేరని నమ్ముతారు.

కానీ ఓడిపోయాడు, ఒకసారి కాదు. 2015లో వచ్చిన సినిమాలో మనసు చెదిరి ఊరి మీద పడితే, స్నేహితుడైన ఐరన్‌మ్యానే పెద్ద ఇనుప కవచం తొడుక్కొని వచ్చి వాణ్ణి పడగొట్టాడు. అదే సినిమాలో ఇంకోచోట అంతటి కోపిష్టి ముందుకు ఒక స్త్రీ వచ్చి మెల్లగా అరచెయ్యి చాపి మాట్లాడితే చల్లబడి మనిషయ్యాడు. ఆ దృశ్యం చూసినప్పుడు సామెతలు 15:1 గుర్తొచ్చింది. ఇనుప కవచానికి ఊరంతా కూలిపోయింది. మృదువైన మాటకు ఒక్క ఇటుక కూడా కదల్లేదు.

మూడోది 2018లో వచ్చిన సినిమా. థానోస్ అనేవాడు కొద్ది నిమిషాల్లోనే హల్క్‌ను చితకబాది నేలకేసి కొట్టాడు. నన్ను పట్టుకున్నది ఆ దెబ్బ కాదు, తర్వాత జరిగింది. మళ్లీ యుద్ధం వచ్చినప్పుడు బ్యానర్ లోపలున్న హల్క్‌ను పిలుస్తాడు. రమ్మని బతిమాలతాడు, తిడతాడు. వాడు రాడు. ఒకసారి ఓడినవాడు లోపలే తలుపేసుకుని కూర్చున్నాడు.

మా వాడు ఆ ముక్క చూసి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అలా తలుపేసుకున్న మనిషి మన సంఘంలోనే ఉన్నాడు.

పేరు చెప్పను. ఏ రాయైనా ఎత్తగల మనిషి. ఉగాది పండక్కి ఊర్లో గుండు ఎత్తే పోటీ పెడితే ఒకప్పుడు ఆయన ముందు నిలిచినవాళ్లు లేరు. మందిరానికి రేకులు వేసేటప్పుడు నలుగురు మోసే దూలాన్ని ఒక్కడే భుజాన వేసుకున్నాడు. రెండు బోర్లు వేస్తే రెండింట్లోనూ దుమ్మే వచ్చింది. అప్పు చేసి ఎర్రగడ్డ పెట్టాడు. మార్కెట్ యార్డుకు తోలేసరికి లారీ బాడుగ కూడా రాని ధర పలికింది. ఆ తర్వాత రెండు నెలలు ఆరాధనకు రాలేదు. ఇంటికి వెళ్లాను. మంచం మీద గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు.

"ఏమన్నా, కనబడడం లేదే?" అన్నాను.

"ఏం మొగం పెట్టుకొని వచ్చేది అయ్యగారూ? సాక్ష్యాలప్పుడు అందరూ లేచి చెబుతాంటారు. బోర్లో నీళ్లు పడ్డాయని ఒకరు, కొడుక్కి ఉద్యోగమొచ్చిందని ఒకరు. నేను లేచి ఏం చెప్పేది?"

ఆ మాట నాకు సూటిగా తగిలింది. సాక్ష్యాల సమయం నడిపేది నేనే. గెలిచినవాళ్లను ముందుకు పిలిచేది నేనే. జయం, విజయం, రెండింతల ఆశీర్వాదం అని ప్రతి నెలా వాగ్దానం కాగితం పంచేది కూడా నేనే. ఓడిపోయిన మనిషికి నా మందిరంలో కూర్చునే చోటు లేకుండా చేశాను. ఇది నా తప్పు, మీ ముందు ఒప్పుకుంటున్నాను.

మన సీమలో ఇది ఇంకా కష్టం. మన పేరుతో వచ్చిన సినిమాలు చూడండి. సీమ మగాడంటే మీసం తిప్పాలి, తొడ కొట్టాలి, ఎప్పుడూ ఓడకూడదు. ఏడవడం ఆడవాళ్ల పని. నిజానికి ఆ గెలుపులకు వెల కట్టింది మన అక్కచెల్లెళ్లే, బొట్టు చెరిగిన తల్లులే. కక్షల్లో గెలిచిన ఇల్లు ఒక్కటి నాకు చూపించండి.

పశువుల విషయంలో మాత్రం మనకు ఈ జ్ఞానం ఉంది. తిరునాళ్లలో బండలాగుడు పోటీకి ఎద్దులను తోలుకెళ్తాం. మన జత బండ లాగలేక మధ్యలో ఆగిపోతే ఏం చేస్తాం? ఇంటికి తోలుకొచ్చి, నీళ్లు పెట్టి, మేత వేసి, వీపు నిమిరి, వచ్చే ఏడు చూద్దాంలే అంటాం. ఓడిన ఎద్దుకు ఇచ్చే పాటి ఆదరణ ఓడిన అన్నకు మనం ఇవ్వడం లేదు.

మన తెలుగువాళ్లలో నిజంగా పుట్టిన బలవంతుడు ఒకాయన ఉన్నాడు. శ్రీకాకుళం వైపు వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు. కలియుగ భీముడని పిలిచేవాళ్లు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసులను ఊపిరి బిగించి తెంపేవాడట. రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకునేవాడట. కదలబోయే కార్లను ఆపేవాడట. అంతటి మనిషికి కాలి పుండు ముదిరి చివరికి ఆ కాలే తీసేయాల్సి వచ్చింది. 1942లో కన్నుమూశాడు. ఏనుగు చేయలేని పని ఒక చిన్న పుండు చేసింది. ఇది ఆయనను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. శరీరం ఎవరిదైనా మట్టే అని చెప్పడానికి.

ఇప్పుడు ఆ పిల్లోడి ప్రశ్నకు వద్దాం. సమ్సోను చరిత్ర న్యాయాధిపతులు 13 నుంచి 16వ అధ్యాయం వరకు ఉంది. ఈ వారం మళ్లీ చదవండి. చదివేటప్పుడు ఒకటి గమనించండి: అతడు ప్రార్థించినట్టు ఎక్కడెక్కడ రాసి ఉంది?

సింహాన్ని చంపినప్పుడు ప్రార్థన లేదు. తర్వాత దాన్ని పొడుపుకథగా మార్చి పందెం కట్టాడు. గాజా గుమ్మపు తలుపులు పెరికి కొండకు మోసుకుపోయినప్పుడు కూడా ప్రార్థన లేదు. ప్రార్థన కనబడేది రెండే చోట్ల.

మొదటిది 15వ అధ్యాయం చివర్లో. గాడిద దవడ ఎముకతో వెయ్యిమందిని కూల్చాడు. వెంటనే తన గొప్ప తానే చెప్పుకున్నాడు. ఆ తర్వాతే దాహం వేసింది. మామూలు దాహం కాదు, ప్రాణం పోయే దాహం. వెయ్యిమందిని గెలిచినవాడు గుక్కెడు నీళ్ల దగ్గర ఓడిపోయాడు. అప్పుడు దేవునికి మొరపెట్టాడు. దేవుడు లేహీలో నేలను చీల్చి నీళ్లు రప్పించాడు. ఆ ఊటకు మొరపెట్టినవాని పేరే నిలిచింది, గెలిచినవాని పేరు కాదు.

ప్రియులారా, నీళ్ల దగ్గర ఓడిపోవడమంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. బోరు బండి పక్కన రాత్రంతా నిలబడి, తడి మట్టి వస్తుందేమోనని చూసిన కళ్లు మనవి. ఆ రోజు సమ్సోను మనలాంటివాడు.

రెండో ప్రార్థన 16వ అధ్యాయంలో. కళ్లు పోయాయి, ఇత్తడి సంకెళ్లు పడ్డాయి, చెరసాలలో తిరగలి తిప్పాడు. చెయ్యి పట్టుకుని నడిపించడానికి ఒక పిల్లవాడు కావాల్సి వచ్చింది. ఆ స్థితిలో దేవుణ్ణి రెండోసారి పిలిచాడు. దేవుడు విన్నాడు. 20వ వచనం చూడండి, అంతకు ముందు ప్రభువు తనను విడిచిన సంగతే అతనికి తెలియలేదు. బలం ఉన్నప్పుడు దేవుడున్నాడో లేడో కూడా గమనించని మనిషి, కళ్లు పోయాకే ఆయనవైపు చూశాడు.

కొందరు నన్ను అడుగుతారు: "అయ్యగారూ, దేవుడు జయమిచ్చేవాడు కదా, ఓటమి గురించి ప్రసంగమేంది?" న్యాయమైన ప్రశ్నే. దేవుడు జయమిస్తాడు, అందులో సందేహం లేదు. బోర్లో నీళ్లు పడిన సహోదరుడు స్తుతి చెల్లించాల్సిందే. కానీ మనం ఆరాధించే ప్రభువు సిలువ మీద వేలాడినప్పుడు, చూసినవాళ్లందరికీ ఓడిపోయినవాడిలాగే కనబడ్డాడు. ఆయన మూడో రోజు లేచాడు. ఆ మధ్య రోజు శిష్యులు ఎలా గడిపారో మనం మాట్లాడం. మన సంఘంలో చాలామంది ఇప్పుడు ఆ మధ్య రోజులోనే ఉన్నారు. వాళ్లను ఒంటరిగా వదిలి ఆదివారం పాట మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం.

అందుకే సంఘ పెద్దలతో మాట్లాడి ఒక నిర్ణయం తీసుకున్నాను. ఇకనుంచి సాక్ష్యాల సమయంలో మొదట పిలిచేది గెలిచినవాళ్లను కాదు. ఓడినవాళ్లు, అప్పుల్లో ఉన్నవాళ్లు, పరీక్ష తప్పిన పిల్లలు ముందు మాట్లాడవచ్చు. మాట్లాడలేకపోతే లేచి నిలబడితే చాలు, సంఘమంతా ప్రార్థిస్తుంది. సలహాలు ఎవరూ చెప్పకూడదు. అప్పు ఉన్నవాళ్లను ఎంత, ఎవరి దగ్గర అని ఆరా తీయకూడదు. ఇంటి ఖర్చుకు కావాల్సినవాళ్ల కోసం వెనక బల్ల దగ్గర బియ్యం సంచి ఉంటుంది, ఎవరు తీసుకున్నారో రాయం.

బతికి లాభం లేదనే ఆలోచన ఎవరికైనా వస్తే రాత్రి ఎంతైనా నా తలుపు కొట్టండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేసినా తెలుగులో మాట్లాడతారు. అది విశ్వాసం లేకపోవడం కాదు.

ఆ అన్న పోయిన ఆదివారం వచ్చాడు. చివరి వరసలో కూర్చున్నాడు. సాక్ష్యం చెప్పలేదు. బోర్లో నీళ్లూ పడలేదు, అప్పూ తీరలేదు. పాట పాడేటప్పుడు మాత్రం పెదవులు కదిలాయి. నాకు ఆ రోజుకు అది చాలు.

పిల్లోడికి నా జవాబు ఇది. నాయనా, సమ్సోనూ ఓడిపోయాడు, హల్కూ ఓడిపోయాడు. ఓడిపోయాక లోపల తలుపేసుకుంటారా, దేవుణ్ణి పిలుస్తారా అన్నదే చూడాలి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమెన్.