ఎరుపు లేదట!

మొన్న నాన్నకి కింది దవడలో ఇంప్లాంటు పెట్టించడానికి ఒక డెంటల్ క్లినిక్కి వెళ్ళాం. ఏ కంపెనీది అన్న మాట వచ్చేసరికి డాక్టరుగారు ఒక బ్రోషర్ చేతిలో పెట్టారు. ఎముకలో దిగిన మర, దాని చుట్టూ ఇంద్రధనుస్సు రంగులు. "కంప్యూటర్లో టెస్ట్ చేశారండీ, చూడండి, ఎక్కడా ఎరుపే లేదు" అన్నారు. నాన్న నావైపు గర్వంగా చూశారు, ఆ ప్రోగ్రాం ఏదో నేనే రాసినట్టు.

చదివింది మెకానికల్, చేసేది జావా (మనలో సగం మంది కథ ఇదే కదా). కాలేజీలో ఇలాంటి బొమ్మలు నేనూ బోలెడు వేశాను. అందుకే నా అనుమానం. సాఫ్ట్‌వేర్‌ని దాని మానాన వదిలేస్తే ఒత్తిడి ఎక్కడ ఎక్కువుంటే అక్కడ ఎరుపు పూస్తుంది, ఆ ఒత్తిడి ఎంత తక్కువైనా సరే. ఎరుపు లేదూ అంటే, ఎవరో కూర్చుని స్కేలు మార్చారన్నమాట! పక్కన అంకెల పట్టీ ఉందా అని వెతికాను. లేదు.

ఇది రంగుల గొడవ. అసలు గొడవ లోపలుంది. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో ఎముకనీ మరనీ వేలు, లక్షల చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క ఎంత బిరుసో మనమే చెప్పాలి. టైటానియంకి 110 గిగాపాస్కల్స్, సరే. దవడ పైపెంకు లాంటి గట్టి ఎముకకి 13.7, లోపలి స్పాంజి లాంటి ఎముకకి 1.37 అని చాలా పేపర్లలో కనిపిస్తుంది. సరిగ్గా పదో వంతు! డెబ్భై ఏళ్ళ మా నాన్న ఎముకకీ, పాతికేళ్ళ కుర్రాడి ఎముకకీ అదే అంకె.

ఇంకోటి. చాలా మోడల్స్‌లో మర, ఎముక నూటికి నూరు శాతం అతుక్కుపోయినట్టే లెక్క వేస్తారు. టైటానియం ఎముకతో కలిసిపోతుందని స్వీడన్‌లో బ్రోనెమార్క్ 1952లో గమనించి, 1965లో మొదటిసారి మనిషికి పెట్టారు. కానీ ఆ కలయికకి వారాలు, నెలలు పడుతుంది. పెట్టిన రోజున ఉండేది వట్టి మర పట్టు. మూడు నాలుగు వారాలకి, పాత ఎముక కరిగి కొత్తది ఇంకా రాని సమయంలో, ఆ పట్టు బాగా తగ్గుతుంది. అప్పుడు మర సుమారు 150 మైక్రాన్లకి మించి కదిలితే ఎముక బదులు మెత్తటి కణజాలం పెరుగుతుంది. అంటే గండం గడిచాక ఏమవుతుందో మోడల్ చెబుతోంది. సర్వర్ పైకి లేచాక మాత్రమే టెస్టులు నడిపి, అసలు లేస్తుందా లేదా అన్నది చూడకపోవడం లాంటిది.

అలాగని ఈ లెక్కలన్నీ దండగ అనను. రెండు డిజైన్లని ఒకే ఊహలతో పోల్చి చూడటానికి చాలా బాగా పనికొస్తాయి. నిలువు బరువు కన్నా ఏటవాలు బరువు ప్రమాదమనీ, ఒత్తిడంతా మర మెడ దగ్గరి గట్టి ఎముకలోనే పోగవుతుందనీ అవి స్పష్టంగానే చూపించాయి. నా గొడవల్లా ఊహలు దాచేసి బొమ్మని అమ్మడం మీదే. దానికన్నా, మరని 30 డిగ్రీలు వంచి మిషన్ మీద లక్షలసార్లు నొక్కి చూసే ఐఎస్ఓ 14801 పరీక్ష ఫలితం ఇస్తే మేలు. అది మర గురించే చెబుతుంది, ఎముక గురించి కాదు, కానీ నిజంగా నొక్కి చూసింది.

ఉండబట్టలేక స్కేలు సంగతి డాక్టరుగారిని అడిగేశాను. ఆయన నవ్వి, "బొమ్మ చూసి నేనెందుకు పెడతాను బాబూ? స్కాన్ చూస్తా, మర బిగించేటప్పుడు టార్క్ ఎంత వచ్చిందో చూస్తా. చాలకపోతే పైన పన్ను మూడు నెలల తర్వాతే" అన్నారు. అదేదో ముందే చెప్పొచ్చుగా!

నాన్న మాత్రం ఆ బ్రోషర్ మడిచి జేబులో పెట్టుకున్నారు, పార్కులో వాళ్ళకి చూపించాలట.