నేలక్రింది అడవి, నేలమీది అడవి

ఖమ్మము నుండి భద్రాచలమునకు పోవు బాటసారికి కొత్తగూడెము దాటిన పిమ్మట, కిన్నెరసాని పరిసరములలో టేకు, మద్ది, తునికి, ఇప్ప చెట్లు కనుపించును. వాని నడుమ కోయల పల్లెలు, వానికి ఆవల గోదావరి కలవు. ఈ సీమలో మరియొక అడవియు కలదు. అది నేల క్రింద నున్నది. దానినే బొగ్గు అందురు.

సుమారు 30 కోట్ల యేండ్లకు పూర్వము భారతభూమి ఆసియాలో భాగము కాదు. ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో కలిసి అది దక్షిణార్ధగోళమున ఒక మహాఖండముగా నుండెను. ఆ ఖండమునకు శాస్త్రజ్ఞులు గోండ్వానా అని పేరిడిరి. గోండుల సీమను బట్టి వచ్చిన పేరది. కోయల భాష గోండీకి మిక్కిలి దగ్గరిది. నాడు ఆ ఖండమున పెక్కుభాగములను మంచు కప్పియుండెను. గోదావరి లోయలో బొగ్గుపొరలకు అడుగున, హిమానీనదములు మోసికొనివచ్చి విడిచిన గుండురాళ్ల పొరలు నేటికిని ఉన్నవి. వేసవిలో నిప్పులు చెరుగు ఈ సీమ ఒకనాడు మంచుసీమ యనుటకు ఆ రాళ్లే సాక్ష్యము.

మంచు కరగిన పిమ్మట చిత్తడినేలలలో గ్లోసోప్టెరిస్ అను చెట్లు దట్టముగా పెరిగెను. వాని ఆకు నాలుక ఆకారము గలది. ఆ చెట్లు కూలి, బురదలో పూడి, పైపొరల బరువునకును లోపలి వేడికిని లోనై క్రమముగా బొగ్గుగా మారెను. ఆ ఆకుల అచ్చులు ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా శిలలలోను దొరకినవి. తరువాత మహాఖండము చీలెను. భారతభూమి ఉత్తరమునకు జరిగి, సుమారు 5 కోట్ల యేండ్ల క్రిందట ఆసియాను ఒరసికొనగా హిమాలయములు లేచెను. నేటి ఋతుపవనముల బలమునకు ఆ పర్వతములు ఒక ముఖ్యకారణము.

“శీతోష్ణస్థితి ఎల్లప్పుడు మారుచునే యున్నది, ఇప్పుడు మారినచో భయమేల?” అని కొందరు ప్రశ్నింతురు. ఈ ప్రశ్నలో సగమే సత్యము కలదు. మంచుసీమ ఎండసీమగా మారుటకు కోట్ల యేండ్లు పట్టెను. అంత నెమ్మదిగా వచ్చు మార్పునకు చెట్టుచేమలు, జంతువులు తరతరములుగా అలవాటు పడగలవు. ఇల్లెందులో బొగ్గు త్రవ్వకము 1889లో ఆరంభమైనది. నాటి నుండి నేటికి గడచినది నూటయేబది యేండ్లకు లోపు. నాటి చెట్లు గాలినుండి గ్రహించి దాచిన బొగ్గుపులుసు వాయువును, లోకమంతట బొగ్గు కాల్చు మానవుడు ఇంత స్వల్పకాలములో తిరిగి గాలిలోనికి విడుచుచున్నాడు. ఆ వాయువు భూమి వేడిని బయటకు పోనీయదు. భయము మార్పును గూర్చి గాదు, దాని వేగమును గూర్చియే.

వేడెక్కిన గాలి ఎక్కువ నీటియావిరిని మోయును. కావున కుండపోత వానలు మరింత భారమగును. ప్రాణహిత, ఇంద్రావతి నదుల ఎగువసీమలలో వాన కురిసినచో, భద్రాచలమున చినుకు లేకున్నను వరద వచ్చును. అచ్చట నీటిమట్టము 43 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక చేయుదురు. 1986లో అది 75.6 అడుగులకును, 2022లో 71.3 అడుగులకును పెరిగెను. ఏదో ఒక వరదను చూపి దానికి ఇదియొక్కటే కారణమనుట తొందరపాటు. అయినను వేడిమి పెరిగిన కొలది ఇట్టి ముప్పు పెరుగునని తలచుట వివేకము.

ఇందులకు గనికార్మికుని గాని, పోడు చేసికొను కోయను గాని నిందించుట న్యాయము కాదు. ఆ బొగ్గుతో దీపములు వెలిగినవి దూరపు పట్టణములలోను, యంత్రములు తిరిగినవి అందరి కొరకును. కావున బాధ్యతయు అందరిది. విద్యుచ్ఛక్తిని పొదుపుగా వాడవలెను. సూర్యుని నుండియు గాలి నుండియు శక్తిని పొందు మార్గములను పెంపొందింపవలెను. అన్నిటికి మించి, నేలమీది అడవిని కాపాడుకొనవలెను. మహావరదను అడవి యొక్కటే ఆపలేదు. కాని దాని వేళ్లు మట్టిని పట్టి యుంచును. రాలిన ఆకులు నీటిని నేలలోనికి ఇంకించును. చెట్లు బొగ్గుపులుసు వాయువును నేటికిని గ్రహించుచున్నవి.

క్రింది అడవి చేసి ముగించిన పనినే పై అడవి నేడును చేయుచున్నది. క్రిందిదానిని తరుగనిచ్చి, పైదానినిగూడ నరికివేయు తరము రాబోవు తరమునకు ఏమి మిగిల్చును?