ఈ ఆలస్యానికి సంజాయిషీ

ఈ సంచిక మీకు ఆరు వారాలు ఆలస్యంగా అందుతోంది. పత్రిక ఆలస్యమైనప్పుడల్లా ప్రెస్సు మీదో, కాగితం ధర మీదో, పోస్టు మీదో నెపం వేసి క్షమాపణ చెప్పుకోవటం మాకు అలవాటు. ఈసారి కారణం అవేవీ కాదు. పత్రిక పని చూసే నేను జబ్బుపడ్డాను. సొంత గోడు సంపాదకీయంలో ఎందుకని మొదట సందేహించాను. కానీ 'సొంత విషయాలు' అని పక్కకు నెట్టేసినవే చాలాసార్లు స్త్రీల హక్కుల విషయాలని ఇన్నేళ్లుగా ఈ పేజీల్లో చెబుతూ వచ్చింది మనమే కదా!

రెండేళ్లుగా నేను నెల్లూరు జిల్లా పల్లెల్లో తిరుగుతున్నాను. 1992లో అక్షరాస్యతా తరగతుల్లో పలకా బలపం పట్టి, సారా దుకాణాలకు ఎదురు తిరిగిన స్త్రీల జ్ఞాపకాలను వాళ్ల మాటల్లోనే రికార్డు చేయాలన్నది నా తపన. దూబగుంటలో మొదలైన ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధాన్ని సాధించింది. ఆ స్త్రీలలో చాలామంది ఇప్పుడు అరవైలు, డెబ్బైలు దాటారు. జాగుచేస్తే ఆ చరిత్ర వాళ్లతోనే పోతుందన్న భయం నన్ను నిలవనివ్వలేదు. పగలు ఉద్యోగం, సాయంత్రం ఇంటిపని, రాత్రి పదకొండు దాటాక రికార్డింగులు విని రాసుకోవటం, ఆదివారమైతే బస్సు ప్రయాణం. ఒక్కరోజు కూడా అది బరువనిపించలేదు. చిక్కంతా అక్కడే ఉంది. ఇష్టంలేని చాకిరీ చేస్తున్నప్పుడు అలసట తెలుస్తుంది. ఇష్టమైన పనిలో తెలియదు.

నెలసరి పది పన్నెండు రోజులు ఆగకపోయినా, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చినా 'ఈ పుస్తకం అయ్యాక చూపించుకుందాం' అనుకున్నాను. చివరికి ఒక బస్టాండులో కళ్లు తిరిగి పడిపోయాను. పరీక్షలో హిమోగ్లోబిన్ 6.8 అని తేలింది. 12కు తగ్గితే రక్తహీనత, 8కి తగ్గితే అది తీవ్రమైందని ఆరోగ్య శిబిరాల్లో ఎంతమందికి చెప్పానో! గర్భసంచిలో గడ్డలున్నాయని, తీయించేసుకోమని ఒక ఆస్పత్రిలో రెండు ముక్కల్లో తేల్చేశారు. నిజం చెప్పాలంటే 'ఒక్కసారిగా పీడ వదులుతుంది, మళ్లీ పనిలో పడొచ్చు' అని నాక్కూడా అనిపించింది. మిత్రులు పట్టుబట్టి మరో డాక్టరుకు చూపించారు. మందులతో రక్తస్రావం అదుపులోకి వచ్చింది. గర్భసంచి తొలగింపు ఆపరేషన్లలో రెండు తెలుగు రాష్ట్రాలూ దేశంలో ముందు వరసలో ఉన్నాయి. డాక్టర్ల తొందర సరే. తన శరీరం గురించి నిదానంగా ఆలోచించుకునే తీరిక స్త్రీకి లేకపోవటం కూడా అందుకొక కారణం కాదా?

ఇది నా ఒక్కదాని నిర్లక్ష్యమైతే ఇంత రాయనవసరం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం రక్తహీనతతో ఉన్నారు. 2024లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపనికి స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అది కూడా ఆ పనిలో చెయ్యి పెట్టిన పురుషుల లెక్క మాత్రమే. అందరూ తిన్నాక మిగిలింది తినటం, అందరి పనీ అయ్యాక మిగిలిన టైములో సొంత పని చేసుకోవటం మనకు చిన్నప్పుడే నేర్పారు. ఉద్యమంలోకి వచ్చినా ఆ పాఠాన్ని మరిచిపోలేదు. ఇంట్లో త్యాగమన్నదాన్ని ఇక్కడ నిబద్ధత అంటున్నాం, అంతే.

'విశ్రాంతి మధ్యతరగతి విలాసం కాదా?' అని మన సమావేశాల్లోనే కొందరు అడిగారు. 8 గంటల పని కోసం పోరాడిన కార్మికులు 8 గంటల విశ్రాంతినీ, 8 గంటల సొంత సమయాన్నీ కలిపే అడిగారు. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం విశ్రాంతినీ తీరికనూ హక్కుగా గుర్తించింది. అదే ఏడాది వచ్చిన మన ఫ్యాక్టరీల చట్టం అయిదు గంటలకు మించి ఏకధాటిగా పని చేయించకూడదని, మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలని చెప్పింది. వంటింటికీ, ఉద్యమానికీ మాత్రం ఏ గడియారమూ లేదు. ఇక ఇప్పుడు 'నీ గురించి నువ్వు శ్రద్ధ తీసుకో' అంటూ క్రీములూ నూనెలూ అమ్మేవాళ్లు అమ్ముతున్నది విశ్రాంతి కాదు, సరుకు.

ఇందులో ఇంకో మాట కూడా ఉంది. నేను మంచం మీద ఉన్న మూడు వారాలూ ఇంట్లో వంట చేసింది డెబ్బై రెండేళ్ల మా అమ్మ. ఈ సంగతి నాకు రెండో వారానికి గానీ తట్టలేదు. ఒక స్త్రీ విశ్రాంతి మరో స్త్రీ నెత్తిన పడితే సాధించిందేమిటి? ఇప్పుడు రాత్రి వంట మా ఆయనా మా అబ్బాయీ చేస్తున్నారు. గొడవ పడకుండా రాలేదు ఈ మార్పు.

సంఘంలో కూడా కొన్ని నిర్ణయాలు తీసుకున్నాం. ఇకనుంచి ప్రతి సంచిక బాధ్యతా ఇద్దరిది. ఒకరు ఆగితే పత్రిక ఆగదు. సాయంత్రం ఆరు తర్వాత సమావేశాలు ఉండవు. కార్యకర్తలందరం ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకుంటాం. అవసరమైతే పేజీలు తగ్గిస్తాం గానీ మనుషుల్ని అరగదీయం. నేను రెండు ఆదివారాలకు ఒకసారి మాత్రమే పల్లెలకు వెళ్తాను. పుస్తకం ఏడాది ఆలస్యమవుతుంది. ఈలోగా కొన్ని గొంతులు అందకుండా పోవచ్చు. ఆ బాధ ఉంది, ఉంటుంది. అందుకే ఆ పనికి మరో ఇద్దరు తోడు రావాలని కూడా ఈ పేజీలోనే అడుగుతున్నాను.

జబ్బుపడకముందు ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లి, చెప్పులు విడుస్తూనే రికార్డరు బయటకు తీశాను. ఆమె నా మొహం చూసి, "అమ్మాయ్, ముందు కూర్చోని నాలుగు మెతుకులు తిను. నా కత యాడికీ పోదులే" అంది. ఆ మాట రికార్డయింది. నేను మాత్రం వినలేదు. మంచం మీద పడుకుని టేపు రాసుకుంటున్నప్పుడు విన్నాను.

మీ ఇంట్లో, మీ సంఘంలో మీకు మిగిలే సమయం ఎంత, దాన్ని ఎలా సాధించుకున్నారు, దానికి ఎవరు అడ్డుపడ్డారు? మాకు రాయండి. తీరిక చేసుకునే రాయండి.